దిద్దుచు నేర్చిన విద్య

కడప జిల్లాలో పాపాఘ్ని నది యొడ్డున వేంపల్లె యను నూరు కలదు. ఆ యూరికి సమీపమున నది కొండలను చీల్చుకొని వెలువడు తావునకు గండి యని పేరు. అచ్చటి ఆంజనేయస్వామి దేవాలయము మిక్కిలి ప్రసిద్ధమైనది. ఆంజనేయుడు వాయుదేవుని కుమారుడు గదా! అందుచే గండి క్షేత్రమును గూర్చిన కథలో వాయువునకే పెద్దపీట. వాయుదేవుడచ్చట తపస్సు చేయుచుండెననియు, సీతను వెదకుచు ఆ దారిని వచ్చిన శ్రీరాముని తన యాతిథ్యము గైకొమ్మని వేడెననియు, తిరిగి వచ్చునపుడు గైకొందునని రాముడు మాట యిచ్చెననియు, ఆ రాకకై వాయువు రెండు కొండల నడుమ బంగారు తోరణము కట్టెననియు పెద్దలు చెప్పుదురు.

తోరణము కంటబడినను పడకున్నను, గండికి పోయిన బాలునకు మరియొక వింత కనబడును. ఎండ కాయుకొలది కొండరాళ్లు వేడెక్కును. వాని మీది గాలియు వేడెక్కి పైకి లేచును. ఆ గాలిలో గ్రద్దలు రెక్కలు చాచి, వానిని ఆడింపకయే, సుడులు తిరుగుచు మింటికెగయును. రెక్క యాడింపని పక్షి నేల గూలకుండుటకు కారణమేమి? గాలి తాకిడికి ఒక ప్రక్కకు ఒరిగినపుడు అది యెట్లు సర్దుకొనును? ఈ ప్రశ్నలు అచ్చట పశువులను మేపుకొనువానికి తోచవచ్చును, బడిపిల్లవానికి తోచవచ్చును. నూరేండ్లకు పైబడిన కాలము క్రిందట ఇవే ప్రశ్నలు అమెరికా దేశమున డేటన్ నగరములోని యిద్దరు సైకిలు పనివారికి తోచినవి. వారే విల్బర్ రైట్, ఆర్విల్ రైట్ అను సోదరులు.

వారు విమానమును కనిపెట్టిరన్న సంగతి యెల్లరకు తెలిసినదే. కాని విమానమును కట్టుట వేరు; అది విరిగినపుడెల్ల బాగుచేసి, తప్పినచోటనెల్ల దిద్ది, దానిని చెప్పినట్లు విను యంత్రముగా మలచుట వేరు. ఈ రెండవ పనియే వారి గొప్పతనమునకు మూలము. అయినను ఆ కథ తెలిసినవారు తక్కువ.

విల్బర్ 1867లోను, ఆర్విల్ 1871లోను జన్మించిరి. తండ్రి మిల్టన్ రైట్ క్రైస్తవ మతాచార్యుడు. ఆయన 1878లో పిల్లలకొక ఆటబొమ్మను తెచ్చి యిచ్చెను. వెదురు, బెండు, కాగితము, రబ్బరు — ఇవియే దాని సామగ్రి. రబ్బరును మెలిపెట్టి వదలినచో ఆ బొమ్మ గిరగిర తిరుగుచు పైకెగిరెడిది. కొన్నాళ్లకది విరిగిపోయినది. పిల్లలు ఏడ్చుచు కూర్చుండక, దానిని చూచి అటువంటివే మరికొన్ని చేసికొనిరి. తల్లి సూసన్ చేతిపనిలో నేర్పరి. పనిముట్టు పట్టుట వారికి ఆమెనుండి యబ్బిన విద్య. సోదరులిద్దరును కళాశాలలో చదువలేదు. మొదట అచ్చుపని చేసిరి. 1892లో సైకిళ్ల దుకాణము తెరచిరి. తరువాత నాలుగేండ్లకు తమ సొంత సైకిళ్లను కూడ తయారుచేసి అమ్మసాగిరి.

1896లో జర్మనీ దేశస్థుడైన ఆటో లిలియెన్తాల్ తన గ్లైడరు కూలి మరణించెను. ఇంజను లేని రెక్కలతో గాలిలో జారుచు దిగు సాధనమును గ్లైడరందురు. ఆయన కొండమీదినుండి రెండువేల పర్యాయములవరకు ఎగిరినవాడు. ఆయన మరణవార్త సోదరులను ఆలోచింపజేసెను. ఎగురుటకు రెక్క చాలదు. రెక్కను అదుపులో నుంచు నేర్పు కావలెనని వారు గ్రహించిరి. నాటి పండితులలో ననేకులు, నౌకవలె తనంతట తాను నిలకడగా నుండు విమానమును చేయవలెనని తలంచుచుండిరి. సోదరులకు సైకిలు వేరొక పాఠము నేర్పినది. సైకిలు తనంతట తాను నిలువదు. ఎక్కినవాడు క్షణక్షణము సర్దుకొనుచుండుటవలననే నిలుచును. విమానమును అట్లే నడపవలెనని వారు నిశ్చయించిరి.

గ్రద్దజాతి పక్షులు గాలిలో ఒరిగినపుడు రెక్కల చివరలను మెలిపెట్టి సర్దుకొనుటను విల్బర్ కనిపెట్టెను. 1899లో ఒకనాడు ఆయన దుకాణములో నిలుచుండి, సైకిలు ట్యూబు వచ్చిన ఖాళీ అట్టపెట్టెను చేతులతో పట్టుకొని మాటలాడుచు ఊరక మెలిపెట్టుచుండెను. పెట్టె యొక మూల పైకి లేచుచు, రెండవ మూల క్రిందికి వంగుచుండెను. విమానపు రెక్కలనిట్లే మెలిపెట్టినచో ఒక ప్రక్క ఎక్కువగను, రెండవ ప్రక్క తక్కువగను ఎత్తు కలుగునని ఆయనకు తోచినది. పారవేయదగిన అట్టపెట్టెలో ఆయనకు విమానపు రెక్క కనబడినది.

1900, 1901 సంవత్సరములలో వారు సముద్రతీరమున నున్న కిట్టీహాక్ అను ఇసుకదిబ్బల ప్రదేశమునకు పోయి, తాము చేసిన గ్లైడర్లను పరీక్షించిరి. పుస్తకములలోని లెక్కల ప్రకారము కట్టిన రెక్కలు ఆ లెక్కలు చెప్పినంత బరువునెత్తలేదు. మనుష్యుడు ఏబదియేండ్లవరకు ఎగురజాలడని విల్బర్ తమ్మునితో నిరాశగా ననెను. కాని వారు పని మానలేదు. తమ చేతిపనియందు దోషము లేనప్పుడు పుస్తకపు లెక్కయందే దోషముండవచ్చునని అనుమానించిరి. పెద్దల లెక్కను కాదనుట తేలిక. దానికి బదులుగా సరియైన లెక్కను చూపుట కష్టము. ఆ కష్టమునకు వారు పూనుకొనిరి.

ఆరడుగుల పొడవు గల చెక్కపెట్టెను చేసి, ఒక ప్రక్కనుండి పంకాతో గాలి వీచునట్లమర్చిరి. రంపపు బ్లేడులను, సైకిలు చక్రపు పుల్లలను వంచి దానిలోనికి సున్నితమైన త్రాసును చేసిరి. చిన్నచిన్న లోహపు రేకులను రెక్కలుగా మలచి, ఇన్నూరు రకములవరకు ఆ పెట్టెలో పరీక్షించి, ఏ యాకారమున కెంత ఎత్తు కలుగునో పట్టికలు వ్రాసికొనిరి. ఆ పట్టికలననుసరించి కట్టిన 1902వ సంవత్సరపు గ్లైడరు చక్కగా తేలినది.

అయినను దానియందొక చిక్కు మిగిలినది. మలుపు తిరుగునపుడు అప్పుడప్పుడది ప్రక్కకు జారి ఇసుకలో గ్రుచ్చుకొనుచుండెను. వెనుకనున్న చుక్కాని కదలకుండ బిగింపబడియుండుటయే దానికి కారణము. ఆర్విల్ ఒక రాత్రి కాఫీ ఎక్కువగా త్రాగి నిద్రపట్టక, ఆ చుక్కానిని కదలునట్లు చేయవలెనని యోచించెను. మరునాటి ఉదయమున అన్నతో చెప్పెను. విల్బర్ కొంచెము సేపు ఆలోచించి, చుక్కానిని రెక్కలను మెలిపెట్టు తీగలతో కలిపినచో రెండును ఒక్కమారు కదలునని చెప్పెను. ఒకరి తలంపు మరియొకరి తలంపుతో చేరి పూర్తియైనది. ఆ మార్పు తరువాత వారు వందలకొలది పర్యాయములు క్షేమముగా దిగిరి.

ఇక ఇంజను కావలెను. వారడిగినంత తేలికగా, వారు కోరినంత శక్తితో నుండు ఇంజనును ఏ కంపెనీయు ఇవ్వలేదు. వారి దుకాణములో పనిచేయు చార్లీ టేలర్ అను మెకానిక్కు ఆరువారములలో ఒక ఇంజనును తయారుచేసెను. దాని శక్తి 12 అశ్వబలములు. ఇంజనునుండి రెండు ప్రొపెల్లర్లకు సైకిలు గొలుసులవంటి గొలుసులతో శక్తిని చేరవేసిరి. విమానము బరువు 605 పౌనులు, అనగా దాదాపు 274 కిలోలు. దానికైన ఖర్చు వెయ్యి డాలర్లకు మించలేదు.

1903 సెప్టెంబరులో వారు కిట్టీహాక్ చేరిరి. నవంబరులో ఇంజనును నడపి చూచిరి. అది తడబడి కుదుపగా, ప్రొపెల్లర్లను త్రిప్పు గొట్టపు ఇరుసులు చెడిపోయినవి. వానిని డేటనుకు పంపి గట్టివి తెప్పించిరి. అవి వచ్చిన పిమ్మట మరియొక తొందర కలిగినది. గొలుసులు తిరుగు పళ్లచక్రములు ఎంత బిగించినను ఇరుసులపై వదులగుచుండెను. వారు సైకిలు పనివారు గదా! టైర్లను రిమ్ములకంటించు గట్టి జిగురును తెచ్చి, వేడిచేసి, మరలలో పోసి బిగించిరి. ఆ చక్రములు మరల వదులు కాలేదు. మానవుని మొదటి విమానమును ఎగురకుండ నాపిన చిక్కును సైకిలు షాపులోని జిగురు తీర్చినది.

అంతటితో కష్టములు తీరలేదు. నవంబరు 28వ తేదీన ఇరుసులలో నొకటి బీటవారినట్లు కనబడినది. బీట చాల సన్ననిది. చలికాలము ముంచుకొని వచ్చుచున్నది. చేతిలోని దినములు తరిగిపోవుచున్నవి. ఇంకెవరైన నైనచో, ఒక్కసారి ఎగిరి చూతమని సాహసించియుందురు. సోదరులట్లు చేయలేదు. ఆర్విల్ రైలెక్కి డేటనుకు పోయి, గొట్టములకు మారు గట్టి స్ప్రింగు ఉక్కుతో నిండు కడ్డీలను చేయించి, డిసెంబరు 11వ తేదీన తిరిగి వచ్చెను. సన్నని బీటకై వారు దాదాపు రెండువారములు పోగొట్టుకొనిరి. ఆ రెండువారముల జాగు లేనిచో తరువాతి కథ యెట్లుండెడిదో ఎవరు చెప్పగలరు?

డిసెంబరు 14వ తేదీన విల్బర్ ఎక్కెను. విమానము మూడు నాలుగు క్షణములు లేచి ఇసుకలో పడినది. విరిగిన భాగములను రెండు దినములలో బాగుచేసిరి. 17వ తేదీ ఉదయమున గడ్డకట్టు చలిలో, ఈదురుగాలిలో ఆర్విల్ ఎక్కెను. విమానము 12 సెకండ్లసేపు గాలిలో నుండి 120 అడుగులు పోయినది. ఆనాడే నాల్గవ పర్యాయమున విల్బర్ 59 సెకండ్లసేపు 852 అడుగుల దూరము ఎగిరెను. తరువాత నేలమీద నున్న విమానమును పెనుగాలి యొకటి యెత్తి దొర్లించినది. విమానము ముక్కలైనది. అది మరల ఎగురలేదు.

లోకము ఈ తేదీతో కథను ముగించును. సోదరులకు మాత్రము అసలు పని అప్పుడే మొదలైనది. వారి విమానము ఎగిరినమాట నిజమే. కాని అది మలుపు తిరుగగలదా? గంటసేపు నిలువగలదా? బయలుదేరినచోటికి మరల రాగలదా? ఏదియు తేలలేదు.

1904లో వారు డేటనుకు ఎనిమిది మైళ్ల దూరమున నున్న హఫ్‌మన్ బీడును పనిచోటుగా చేసికొనిరి. బీటి యజమాని వారిని అద్దె అడుగలేదు. ఎగురుటకు ముందు ఆవులను, గుర్రములను వెలుపలికి తోలవలెనని మాత్రము కోరెను. అచ్చట గాలి తక్కువ, నేల ఎగుడుదిగుడు. రెండవ విమానము లేచుటయే కష్టమైనది. వారు ఒక ఎత్తైన మంచె కట్టి, పైనుండి బరువును జారవిడిచి, ఆ యూపుతో విమానమును పట్టాలపై లాగు ఉపాయమును కల్పించిరి. రెక్కల వంపును తగ్గించిరి. ముందుభాగమున ఇనుపముక్కలను కట్టి బరువును సర్దిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన విల్బర్ మొట్టమొదటిసారిగా గాలిలో ఒక చుట్టు తిరిగి వచ్చెను.

వారి పద్ధతి గమనింపదగినది. ఎగిరిన పర్యాయములను, పట్టిన కాలమును, పోయిన దూరమును, జరిగిన పొరపాటును పుస్తకములో వ్రాసికొనెడివారు. పొరపాటు జరిగినపుడు అదృష్టమును నిందింపక, కారణమును వెదకెడివారు. అన్నదమ్ములిద్దరును గొంతెత్తి వాదులాడుకొనెడివారు. ఒక్కొక్కప్పుడు వాదము ముగియునప్పటికి ఒకరి పక్షమును మరియొకరు అవలంబించి యుండెడివారు! వారికి గెలుపు ముఖ్యము కాదు, విమానము ముఖ్యము.

1905లో మూడవ విమానమును కట్టిరి. జూలై 14వ తేదీన ఆర్విల్ నడుపుచుండగా అది ఎగసిపడుచు వచ్చి ముక్కు నేలకు గొట్టుకొని కూలినది. ఆయన చిన్న గాయములతో బయటపడెను. విమానమును ఎత్తుటకును దించుటకును ముందుభాగమున అడ్డముగా అమర్చిన పలకలు రెక్కలకు మరీ చేరువగా నుండుటచే నదుపు చాలలేదని వారు తేల్చుకొనిరి. ఆ పలకల వైశాల్యమును పెంచి, రెక్కలకు దాదాపు పండ్రెండడుగుల ముందుకు జరిపిరి. చుక్కానిని రెక్కల తీగలనుండి విడదీసి వేరుగా త్రిప్పుటకు వీలు కల్పించిరి. మూడేండ్ల క్రిందట తామే కష్టపడి కలిపిన దానిని తామే విప్పిరి. తన చేతితో చేసినదని దానిపై మమకారము పెంచుకొనువానికి ఈ పని సాధ్యము కాదు. 1902లో అది కలుపుట సరియైన పని. 1905లో అది విప్పుట సరియైన పని.

ఆ మార్పుల ఫలితము వెంటనే కనబడినది. అక్టోబరు 5వ తేదీన విల్బర్ బీటిచుట్టును తిరుగుచు 39 నిమిషములసేపు గాలిలో నుండి, 24 మైళ్లు, అనగా దాదాపు 39 కిలోమీటర్లు పోయెను. అది చెప్పినట్లు విను విమానము. దానిని డేటన్ నగరమున నేటికిని భద్రపరచియుంచిరి.

ఇంతటి జాగ్రత్తపరులకును తప్పనిదొకటి కలదు. 1908లో అమెరికా సైన్యమువారికి విమానమును చూపుటకై ఆర్విల్ వాషింగ్టను నగరము చెంతనున్న ఫోర్ట్ మయ్యర్ అను దండుప్రదేశమునకు పోయెను. విల్బర్ అప్పుడు ఫ్రాన్సులో నుండెను. సెప్టెంబరు 17వ తేదీన ఆర్విల్ లెఫ్టినెంట్ థామస్ సెల్ఫ్రిడ్జ్ అను యువకుని ఎక్కించుకొని బయలుదేరెను. ఆ ప్రయాణమునకు ముందే మునుపటికన్న పొడవైన కొత్త ప్రొపెల్లర్లను బిగించియుండిరి. విమానము మైదానముచుట్టు మూడుసార్లు తిరిగినది. నాల్గవ చుట్టులో వెనుకనుండి సన్నని టకటక శబ్దము ఆర్విల్ చెవినిబడెను. ఆయన తిరిగి చూచెను, ఏమియు కనబడలేదు. దిగుదమని తలంచునంతలో రెండు పెద్ద చప్పుళ్లు వినబడినవి. ఒక ప్రొపెల్లరు రెక్క బీటవారి, కుదుపునకు దాని ఆధారము వదులై, అది చుక్కానిని పట్టియుంచు తీగను తాకి తెంపివేసినది. విమానము ముక్కు క్రిందుగా నేలగూలినది. సెల్ఫ్రిడ్జ్ ఆనాడే మరణించెను. ఇంజను గల విమానపు ప్రమాదములో ప్రాణము గోల్పోయిన మొదటివాడాయనయే. ఆర్విల్ తొడయెముక, పక్కటెముకలు విరిగినవి. చెల్లెలు క్యాథరిన్ బడిపంతులమ్మ పనిని విడిచి వచ్చి, ఏడువారములు ఆసుపత్రిలో ఆయనకు ఉపచారము చేసెను.

ప్రొపెల్లరును పొడిగించుట చిన్న మార్పువలె కనబడును. కాని యంత్రములో ఏ మార్పును తానున్నచోటనే ఆగదు. ఇచ్చట పొడవు పెరిగిన నచ్చట దూరము తగ్గును. ఒకచోట శక్తి పెరిగిన మరియొకచోట కుదుపు పెరుగును. కిట్టీహాక్ తీరమున సన్నని బీటను కనిపెట్టి రెండువారములు ఆగిన చేతులే ఇచ్చట రానున్న బీటను కనిపెట్టలేకపోయినవి. విద్య ఎంత గొప్పదైనను పరీక్షకు సెలవు లేదని ఆ దుర్దినము చాటుచున్నది. సోదరులు విరిగిన ముక్కలను పరీక్షించి, కారణమును నిర్ణయించి, తగు మార్పులు చేసిరి. 1909 వేసవిలో ఆర్విల్ అదే మైదానమునకు మరల వచ్చెను. గంటకు పైగా ప్రయాణికునితో ఎగిరి, గంటకు 42 మైళ్లకు మించిన వేగమును చూపి, సైన్యమువారి పరీక్షలో నెగ్గెను. నడుచునపుడు ఆయన కాలు ఇంకను కుంటుచునే యుండెను.

సోదరుల వార్త భూమండలమంతట వ్యాపించినది. 1910లో చెన్నపట్టణమున డి ఏంజెలిస్ అను హోటలు యజమాని, అచ్చటి సింప్సన్ కంపెనీవారి సాయముతో ఒక విమానమును కట్టించి ఎగురవేసెను. ఆనాడు కడప జిల్లాయు చెన్నపురి రాజధానిలోనిదే. నాటినుండి నేటివరకు తమ విమానమును తామే కట్టుకొనువారు లోకమున లేకపోలేదు. 1953లో అమెరికాలో పాల్ పోబరెజ్నీ అను నాతడు అట్టివారికై ఒక సంఘమును స్థాపించెను. ఆ సంఘమువారు ఏటేట ఆష్‌కాష్ అను నూర చేరుదురు. ఇంటివద్ద కట్టిన విమానములు అచ్చటికి వందలకొలదిగా వచ్చును.

వారిలో రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ అను నాతని కథ మన ప్రస్తావనకు తగినది. ఆయన ఒక చిన్న విమానమును కొని, దాని గుణదోషములను ఎగిరి తెలిసికొని, 1965లో దాని రెక్కలను తీసివేసి తాను రూపొందించిన అల్యూమినియపు రెక్కలనమర్చెను. ఆ మార్పుతో నేర్చిన దానినిబట్టి తరువాత సొంత విమానములను రూపొందించి, వాని భాగములను ఇంటివద్ద కట్టుకొనువారికి అమ్మసాగెను. అట్టి వానిలో నొకటి ఇద్దరు కూర్చుండదగిన తేలిక విమానము. దాని రెక్కలను ఇద్దరు మనుష్యులు కొద్ది నిమిషములలో ఊడదీసి, విమానమును బండిపై ఇంటికి తీసికొనిపోవచ్చును.

2004లో అమెరికా ప్రభుత్వము ‘లైట్ స్పోర్ట్’ విమానములని యొక తరగతిని ఏర్పరచెను. ఆ నియమము ప్రకారము నేలమీదినుండి లేచునట్టి వాని మొత్తము బరువు 600 కిలోలకు మించరాదు. సీట్లు రెండింటికి మించరాదు. 2025లో ఆ హద్దులను సడలించిరి. 1903లో ఎగిరిన విమానము మనుష్యునితో కూడ 600 కిలోలకు చాల లోపుగనే యుండెనన్నది గుర్తుంచుకొనదగిన విషయము.

ఇట్టి విమానమును కట్టుకొన్నవాని నిత్యకృత్యము ఎట్లుండును? మొదటి ప్రయాణమునకు ముందు అతడు పెట్రోలు టాంకు అడుగునుండి కొంచెము ఇంధనమును గాజుపాత్రలో పట్టి, నీరు కలసినదేమో చూచును. రెక్కలను, చుక్కానిని చేతితో కదలించి చూచును. ప్రొపెల్లరు అంచును వ్రేలితో తడవి గీతలకై వెదకును. ఇంజనులో నిప్పురవ్వను పుట్టించు ఏర్పాట్లు రెండుండును. ఒక దానిని ఆపి రెండవ దానితో, రెండవ దానిని ఆపి మొదటి దానితో ఇంజను నడచుచున్నదో లేదో పరీక్షించిన పిమ్మటనే నేల విడుచును. బిగించిన ప్రతి నట్టుపైనను బోల్టుపైనను కలియునట్లు రంగుతో నొక గీత గీయును. నట్టు వెంట్రుకవాసి తిరిగినను గీత తెగి తెలిసిపోవును. చమురు మార్చునపుడు చమురుజల్లెడను కోసి విప్పి, ఇనుపరజను చిక్కినదేమో చూచును. రజను కనబడిన, లోపల నేదియో అరుగుచున్నదని యర్థము. పైకి బాగుగనే కనబడు రబ్బరు గొట్టములను కూడ గడువు తీరినంతనే మార్చివేయును.

కనీసము ఏడాదికొకమారు విమానమును మూతలన్నియు విప్పి పరీక్షింపవలెను. అమెరికాలో తన విమానమును తానే కట్టినవాడు ప్రభుత్వమువారి యోగ్యతాపత్రము పొందినచో, ఆ పరీక్షను తానే చేసి పుస్తకములో సంతకము పెట్టవచ్చును. ఇది గొప్ప స్వాతంత్ర్యము. అంతకన్న గొప్ప బరువు. ఆ పుస్తకమును రేపు చదువువారెవరును లేకపోవచ్చును. గోడలు నాలుగే సాక్షులు. చూడని దానిని చూచితినని వ్రాసినను అడుగువారు లేరు. కాని గాలికి సంతకములు చదువరాదు. పరీక్ష జరిగినదో లేదో దానికి వేరొక రీతిగా తెలియును.

మార్పులు చేయుటయందు మరియు జాగ్రత్త కావలెను. కొత్త పరికరము నమర్చినప్పుడెల్ల విమానపు బరువును, బరువు నిలుచు మధ్యస్థానమును మరల లెక్కింపవలెను. పులివెందుల ప్రాంతమున చీనీకాయల బస్తాను సైకిలు వెనుక కట్టుకొని పోవు రైతునకు ఈ సూత్రము తెలియును. బస్తా వెనుకకు జరిగినకొలది ముందుచక్రము తేలిపోవును. హేండిలు మాట వినదు. నేలమీద నైనచో దిగి సర్దుకొనవచ్చును. ఆకాశమున దిగి సర్దుకొను వీలు లేదు. అందుచే పెద్ద మార్పు చేసినచో, ప్రయాణికులను ఎక్కించుకొనక, జనసంచారము లేని తావున కొన్ని గంటలు ఎగిరి పరీక్షించి, ఫలితమును పుస్తకములో వ్రాసిన పిమ్మటనే ఇతరులను ఎక్కించుకొనవలెనన్న నియమము కలదు. సెల్ఫ్రిడ్జ్ వంటివారి ప్రాణముల వెలతో నేర్చిన పాఠములే ఇట్టి నియమములకు పునాది.

నేడు కడపలో విమానాశ్రయము కలదు. అది 1953లో నిర్మింపబడి, బాగుచేయబడిన పిమ్మట 2015లో ప్రయాణికుల విమానములకు తెరువబడినది. అచ్చట దిగు పెద్ద విమానమును చూచి బాలురు ముచ్చటపడుదురు. దానిని నడపువానిని అందరు చూతురు. అంతకు ముందు దాని చక్రముల క్రింద వంగి, దీపము పట్టి, బీటకై వెదకినవానిని ఎవరును చూడరు. ఎవరును చూడకున్నను అతడు చూచుటవలననే అందరు క్షేమముగా దిగుదురు.

వేంపల్లె వంటి ప్రతి యూరిలోను ఒక సైకిలు షాపుండును. అచ్చటి పనివాడు ట్యూబును నీళ్లతొట్టిలో ముంచి, బుడగలు లేచుచోటును గుర్తించి, గరుకుకాగితముతో రుద్ది, సొల్యూషను పూసి, అది ఆరువరకు ఓపికతో కనిపెట్టుకొనియుండును. అతికిన తరువాత మరల నీళ్లలో ముంచి చూచును. బుడగ రానప్పుడే చక్రమునకెక్కించును. ఆ రెండవసారి ముంచి చూచుటయే డేటన్ సోదరుల విద్యకు సారము. గండికొండలపై గ్రద్దలు నేటికిని రెక్క యాడింపకయే తిరుగుచున్నవి. వానికది పుట్టుకతో వచ్చిన విద్య. మనుష్యునకది దిద్దుచు నేర్చిన విద్య. దిద్దుట మానిన దినమున మరల జారిపోవు విద్య.